మా రోజుల్లో దీన్ని డొక్కు అనేవాళ్లం

ఒరేయ్ అబ్బాయీ, ముందు ఆ ఫోను జేబులో పెట్టు. బానెట్ ఎత్తి లోపల చూడమంటే ఫొటో తీస్తావేటి? నవ్వుతూ నిలబడ్డానికి ఇంజనేమైనా పెళ్లికొచ్చిందా!

ఈమధ్య ఎవర్ని కదిపినా ఇదే వరస. "తాతగారూ, నాకు పాత అమెరికా కార్లంటే పిచ్చి" అంటాడు. పిచ్చి సరే, చేతులేవీ? గోళ్ల సందున మడ్డి అంటని చేతులతో కార్ల మీద ప్రేమేటి నాయనా! పోయిన చలికాలం మా చిన్న మనవడు నన్ను కలకత్తా లాక్కెళ్లాడు, స్టేట్స్‌మన్ పత్రిక వాళ్లు పెట్టే పాత కార్ల ర్యాలీకి. ఖరగ్‌పూర్ నుంచి హౌరా దాకా 115 కిలోమీటర్లు లోకల్‌లో నిలబడే వెళ్లాం. ఈ కాలం కుర్రాళ్లకి సీటు పట్టడం కూడా రాదు. మా నాన్నయితే బండి ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరి నలుగురికి చోటు చేసేవాడు. సరే, ఏం చెబుతున్నాను... ఆ, ర్యాలీ. అక్కడ చూద్దును కదా, తళతళలాడిపోతున్న బండ్లు వరసగా నిలబెట్టారు. యజమానులు సూటూ బూటూ టోపీ, ఆడవాళ్లు బ్లాక్ అండ్ వైట్ సినిమాలోంచి దిగొచ్చినట్టు ముస్తాబు. ఒకాయన తన షెవర్లే బానెట్ తెరిచి పెట్టుకున్నాడు. కార్బురేటర్ దగ్గరికి వేలు పోనిచ్చానో లేదో, "అంకుల్, అంకుల్, ముట్టుకోకండి, హెరిటేజ్" అని పరిగెత్తుకొచ్చాడు. ముట్టుకోకుండా స్టార్టెలా చేస్తావయ్యా అంటే నవ్వాడు.

హెరిటేజట! మా ఊళ్లో అలాంటిదాన్ని డొక్కు అనేవాళ్లం. రోజూ తెల్లారగానే తిట్టుకుంటూ తోసేవాళ్లం.

అసలు మన ఖరగ్‌పూర్‌కి అమెరికా ఎలా వచ్చిందో నీకు తెలుసా? ఐఐటీ అంటే ర్యాంకులనుకుంటావు నువ్వు. అది పుట్టిన ఆ హిజ్లీ భవనం తెల్లవాడు 1930లో మన దేశభక్తుల్ని పెట్టడానికి తెరిచిన నిర్బంధ శిబిరం. మరుసటేడు సెప్టెంబరులో లోపలున్నవాళ్ల మీద కాల్పులు జరిపి ఇద్దర్ని పొట్టన పెట్టుకున్నారు. యుద్ధం వచ్చేసరికి, 1944లో, అమెరికా వాళ్ల ఇరవయ్యో బాంబర్ కమాండ్ దాన్నే పెద్దాఫీసు చేసుకుంది. సలువా, కలైకుండా, దుధ్‌కుండి, పియార్డోబా, చాకులియా... చుట్టూ విమానాలు దిగే మైదానాలే. బీ-29 అని కొండంత విమానాలు. జూన్ 5న మొట్టమొదటిసారి లేచి వెళ్లి అవి బాంబులు వేసింది దేని మీదనుకున్నావు? బ్యాంకాక్‌లో జపాను వాళ్లు వాడుకుంటున్న మక్కాసాన్ రైల్వే వర్కుషాపు మీద! ఇక్కడి రైల్వే వర్కుషాపు మనిషి మా నాన్నకి అదొక్కటే మింగుడుపడేది కాదు. "మన షాపు పక్కన తిండి తిని, అవతల ఇంకెవడిదో షాపు కూల్చి వచ్చార్రా" అనేవాడు. ఆయనకి జపాను మీద కోపమే, కానీ లేతు మిషన్ల మీద బాంబు వెయ్యడం మాత్రం ఏ లెక్కన చూసినా పాపమే.

1945లో వాళ్లు సామాను సర్దుకుని పోయారు. జీపులు మిగిలాయి. ఊళ్లో తిరిగే ప్రతి జీపూ ఆ మిలట్రీ డిస్పోజల్ సరుకేనని పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. గోల్‌బజార్‌లో ఒక కాంట్రాక్టరుగారికి అలాంటిదొకటి ఉండేది. స్టీరింగు ఎడం పక్క. ముందు పోయే లారీని దాటాలంటే డ్రైవరుకి అవతల ఏముందో కనపడదు, కుడి పక్క కూర్చున్న కుర్రాడు తల బయట పెట్టి "రా రా, పద, అమ్మో ఆగాగు" అని కేకెయ్యాలి. బడి ఎగ్గొట్టి ఆ ఉద్యోగం కొన్నాళ్లు నేను వెలగబెట్టాను. పెట్రోలు టాంకీ ఎక్కడనుకున్నావు? డ్రైవరు సీటు కిందే. మా డ్రైవరుగారిది టెక్కలి పక్క పల్లె, నోట్లో చుట్ట ఆరేది కాదు. అదృష్టంకొద్దీ అడ్డపొగ అలవాటు, నిప్పు నోటి లోపలే ఉండేది కనుక నేనివాళ నీతో మాట్లాడుతున్నాను. ఇప్పుడేమో పెట్రోలు బంకులో ఫోను తీస్తేనే అరుస్తున్నారు.

కానీ ఆ బండి కట్టినవాడి బుర్ర చూడు. హెడ్‌లైటు మర విప్పి వెనక్కి తిప్పితే వెలుతురు సూటిగా ఇంజను మీద పడేది. రాత్రిపూట దారిలో ఇది ఆగిపోతుందని వాడికి ముందే తెలుసన్నమాట! ఆగినప్పుడు నడిపేవాడే బాగు చేసుకుంటాడనీ తెలుసు. ఇప్పటి కారు ఆగితే ఏం చేస్తుంది? ఫలానా నంబరుకి ఫోను చెయ్యమని బొమ్మ చూపిస్తుంది. నడిపేవాడిని దద్దమ్మ కింద జమకట్టేసింది.

ఈ జీపు పిచ్చివాళ్లలో ఇంకో రకం ఉన్నారు, బోల్టు తలల మీద భూతద్దం పెట్టి చూస్తారు. యుద్ధంలో విల్లీస్ కంపెనీ మూడున్నర లక్షల పైన జీపులు కట్టింది. సరిపోక అదే నమూనా మీద ఫోర్డు రెండున్నర లక్షల పైన కట్టింది. ఫోర్డువాడు తన బోల్టుల మీద ఎఫ్ అని అచ్చు కొట్టించుకున్నాడు. ఇప్పుడా ఎఫ్ బోల్టులన్నీ అసలువే ఉంటే బండికి విలువట. "మీ జీపులో ఉండేవా తాతగారూ" అని ఒక కుర్రాడు నోటుబుక్కు తీశాడు. ఎఫ్‌లు ఊడిపోయాక మేం ఏ బోల్టు దొరికితే ఆ బోల్టు బిగించాం. ఆ బోల్టులెక్కడివని అడక్కు, పింఛను తీసుకుంటున్నవాణ్ని.

పెద్ద కార్ల కథ వేరు. జనరల్ మోటార్స్ వాళ్లు బొంబాయి సెవ్రీలో 1928 నుంచి షెవర్లేలు బిగించేవాళ్లు, ఫోర్డుకీ దుకాణం ఉండేది. స్వరాజ్యం వచ్చాక మన సర్కారు, విడిభాగాలు తెచ్చి బిగించడం కాదు, ఇక్కడే తయారుచేస్తే ఉండండి, లేకపోతే దయచెయ్యండి అంది. 1950ల నడిమికి ఇద్దరూ మూటాముల్లే సర్దేశారు. రోడ్ల మీదున్న కార్లకి పుట్టింటి దారి మూసుకుపోయింది. అక్కణ్నుంచి మొదలైంది అసలు చదువు! పిస్టన్ అరిగితే కొత్తది రాదు. గేరు పన్ను విరిగితే వెల్డింగు పెట్టి ఆకురాయితో గీయాలి. ఖరీదాలో ఒక సర్దార్జీ గ్యారేజీ ఉండేది. సాయంత్రం వర్కుషాపు సైరన్ కొట్టాక మన నింపురా, మథురాకాటి తెలుగు ఫిట్టర్లు, టర్నర్లు సగం మంది అక్కడే తేలేవారు. కొలత పుస్తకం లేదు, బొమ్మ లేదు. అరిగిన ముక్కని వేళ్లతో తడిమి, అరగకముందు ఎంత ఉండేదో చెప్పేవారు. మా మేనమామ ఒక షెవర్లే వాల్వు చూసి, "దీని తమ్ముడు రైల్వేలో ఉన్నాడు" అని ఏదో తెచ్చి అమర్చాడు, పదేళ్లు నడిచింది.

ఆ షెవర్లే మలంచా, గేట్‌బజార్ పెళ్లిళ్లన్నిటికీ వచ్చేది. పెళ్లికొడుకు ఎక్కి కూర్చోగానే ఆగిపోయేది. అప్పటిదాకా లాంఛనాల దగ్గర ముఖాలు ముడుచుకున్న వియ్యాలవారు ఇరువైపులా చేరి "ఐలేసా" అంటూ తోసేవారు. చుట్టరికాలు అలా గట్టిపడేవి. ఇప్పుడు ఏసీ కారులో వస్తున్నారు, అద్దం కూడా దించరు.

నన్నడిగితే అసలు అమెరికా క్లాసిక్ కారే కాదురా, మా ఆల్కో రైలింజను. నేను బతుకంతా దాని కిందే గడిపాను, మన డీజిల్ షెడ్‌లో. మీ షెవర్లేకి ఆరో ఎనిమిదో సిలిండర్లు, దీనికి పదహారు. 2600 హార్సుపవరు. డబ్ల్యూడీఎం-2 అని 1962లో ఓడల్లో వచ్చాయి, 1964 నుంచి వారణాసిలో మనమే కట్టుకున్నాం. న్యూయార్క్ రాష్ట్రంలో స్కెనెక్టడీ అని ఊరుంది, ఆల్కో పుట్టిల్లు. ఆ కంపెనీ 1969లో తలుపులు మూసేసింది. ఇక్కడ మనం ఆ తర్వాత దశాబ్దాలపాటు వందల కొద్దీ కట్టాం, నడిపాం. ఇప్పుడు కెమెరాలేసుకుని కుర్రాళ్లు పట్టాల పక్కన పడిగాపులు కాస్తారు, ఆల్కో బండి లాగేటప్పుడు నల్లటి పొగ గుప్పుమంటే చప్పట్లు కొడతారు. పొగకి చప్పట్లా! మా షెడ్‌లో ఆ పొగొస్తే ఫోర్‌మన్ పిలిచి, ఇంజెక్టరెవడు చూశాడు, టర్బో ఎవడు చూశాడు అని తాట తీసేవాడు. మేం తిట్లు తిన్న పొగకి వీళ్లు ఈలలేస్తున్నారంటే లోకం ఎటు పోతోందో చూడు. ఒకసారి నేనూ పక్కన నిలబడి చూశాను. బానే ఉంది. ఫోర్‌మన్ లేకుండా చూస్తే ఏదైనా బానే ఉంటుంది.

సర్కారు కూడా వీళ్లతో చేరింది. 2021లో రూలు పెట్టారు. యాభై ఏళ్లు దాటిన బండికి వింటేజ్ అని పేరు, నంబరు ప్లేటు మీద వీఏ అని అక్షరాలు, పదేళ్ల రిజిస్ట్రేషనుకి 20,000 రూపాయలు. డబ్బు కట్టి ఏం చెయ్యాలి? రోజువారీ తిరక్కూడదు! ఎగ్జిబిషనుకీ ర్యాలీకీ వెళ్లొచ్చు, పెట్రోలు కొట్టించుకోవచ్చు, మరమ్మతుకి వెళ్లొచ్చు. యాభై దాటితే ఇంట్లో కూర్చోబెట్టి పండక్కి బయటికి తియ్యడమన్నమాట. మా కోడలు నా విషయంలో ఈ రూలు ఎప్పట్నుంచో అమలు చేస్తోంది. ఇంకో మెలిక చూడు. బండి అసలు రూపంలోనే ఉండాలట, ఛాసిస్‌లో, బాడీలో, ఇంజనులో మార్పులు చేసి ఉండకూడదు. అంటే, షెడ్డులో దుప్పటి కప్పి ఒక్క మైలు తిప్పనివాడి కారు హెరిటేజు. డీజిల్ ఇంజను మార్చి, సైడు రేకులు మార్చి, మాత పూజలకి మైకు కట్టుకుని, ఎలక్షన్లకి జెండా కట్టుకుని, అరవై ఏళ్లు ఊరికి చాకిరీ చేసిన మా జీపు చెత్త. ఇదెక్కడి న్యాయమో నువ్వే చెప్పు, చదువుకున్నవాడివి.

మా పెద్ద మనవడు అమెరికాలో ఉన్నాడు. అక్కడ పెన్సిల్వేనియాలో హెర్షీ అని చాక్లెట్ల ఊరట, ఏటా శరత్కాలంలో పాత కార్ల జాతర. 1935లో పుట్టిన సంఘం నడుపుతుంది. 400 మార్కులకి పరీక్ష పెట్టి, ఒక్కో తప్పుకీ కోత కోస్తారట. వీడియోలో చూపించాడు. ఒక పక్క తుప్పు పట్టిన హబ్ క్యాపులు, విరిగిన గేర్లు, స్పీడోమీటర్లు పొలమంత మేర పరిచి అమ్ముతున్నారు, ముసలాళ్లు వంగి ఏరుకుంటున్నారు. అది నచ్చింది నాకు. వాళ్ల గోళ్లు నల్లగా ఉన్నాయి. మార్కుల వ్యవహారమే నచ్చలేదు, మనకి పాసయ్యే అలవాటు తక్కువ. హవానా గురించీ చెప్పాడు. క్యూబాకి అమెరికా కార్లు రావడం 1960ల మొదట్లో ఆగిపోయింది. అప్పటికి ఉన్న షెవర్లేలు, బ్యూక్‌లు ఇప్పటికీ టాక్సీలుగా తిరుగుతున్నాయి, చాలావాటి కడుపులో డీజిల్ ఇంజన్లే. నా జన్మలో పాస్‌పోర్టు అక్కర్లేదనుకున్నాను కానీ, ఆ ఊరు ఒక్కటి చూడాలనుంది. అక్కడ నా మేనమామ లాంటివాళ్లు వీధికి పదిమంది ఉండి ఉండాలి.

అన్నీ పోతున్నాయిరా. మన ప్లాట్‌ఫారం చూడు, 1072 మీటర్లు, ప్రపంచంలోనే పొడుగని ఎక్కడికెళ్లినా చెప్పుకుని తిరిగాం. 2013లో గోరఖ్‌పూర్‌వాళ్లు, 2023లో హుబ్బళ్లివాళ్లు మనకంటే పొడుగు కట్టేసుకున్నారు. మనది పొట్టిదవలేదు గానీ, నాకు మాత్రం అప్పట్నుంచి నడవాలంటే ఎక్కువ దూరమనిపిస్తోంది. అందుకే స్టేషనుకి టోటోలో వెళ్తున్నాను. బ్యాటరీ బండి, చప్పుడుండదు, వాసనుండదు, ఎక్కామో దిగామో తెలీదు. అదీ ఒక వాహనమేనా! తొయ్యమని మాత్రం ఇంతవరకూ ఎవడూ అడగలేదు, ఆ ఒక్క సుగుణం ఉంది. ఆ జీపు స్ప్రింగుల పుణ్యమా అని నా నడుముకి రెండు డిస్కులు జారాయని డాక్టరు ఎక్స్‌రే చూపించాడు. నాకు ఎక్స్‌రే కన్నా జీపే నచ్చింది.

సరే విను. నింపురాలో మన కుర్రాడొకడు పాత జీపు కొన్నాడు. ఇంజను దానిది కాదు, గేరుబాక్సు ఇంకో దానిది, సర్కారు లెక్కలో అది వింటేజూ కాదు, ఏదీ కాదు. ఆదివారం విప్పుతున్నాం. రాదల్చుకుంటే చిరిగిన లాగూ వేసుకుని, సీసాలో కిరసనాయిలు, నాలుగు పాత బనీన్లు పట్టుకుని ఆరింటికి రా. ఆరున్నరకి వస్తే తేలికగా వచ్చే నట్లన్నీ నేనే విప్పేసి ఉంటాను, తుప్పు పట్టినవే నీకు మిగుల్తాయి. టీలూ, సింగారాలనే సమోసాలూ నీ ఖర్చు.