312 పుటలు + 1 సీడీ

సంగీతంలో పీహెచ్‌డీ గ్రంథం చూడ్డానికి భలే ముచ్చటగా ఉంటుంది. మెరూన్ రెక్సిన్ అట్ట, దానిమీద బంగారు అక్షరాలు, లోపల డిక్లరేషనూ, గైడుగారి సర్టిఫికెట్టూ, అత్తగారి దాకా కృతజ్ఞతలూ. వెనక అట్టకు లోపలివైపు అతికించిన ప్లాస్టిక్ కవర్లో ఒక సీడీ. ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి, ముసలి భాగవతుల్ని బతిమాలి పాడించి రికార్డు చేసినదంతా అందులోనే ఉంటుంది. ఆ కవరుకు పూసిన బంక మాత్రం వైవా నాటి టిఫిన్లు అరిగేలోపే ఊడిపోతుంది.

కేటలాగు రాసేవారు పాపం పద్ధతి తప్పరు. '312 పుటలు + 1 సీడీ' అని నమోదు చేస్తారు. కూడిక గుర్తు తర్వాత వచ్చేదాన్ని వారి శాస్త్రంలో 'అకంపెనీయింగ్ మెటీరియల్' అంటారు. అంటే సంగీత పరిశోధనలో ప్రధాన కచేరీ టైపు చేసిన మాటలది, సంగీతం పక్కవాద్యం. ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఆ పక్కవాద్యం కోసం అడిగాను.

"మేడం, ఇందులో సీడీ ఏదండీ?"

"పోతుందని తీసి బీరువాలో పెట్టాం సార్."

"కాస్త ఇప్పిస్తారా?"

"తాళాలు మా పాత సార్ దగ్గరుండిపోయాయి. ఆయన రిటైరయ్యారు. అయినా తీసి ఏం చేస్తారు సార్, ఇక్కడ ఏ సిస్టానికీ సీడీ డ్రైవ్ లేదు."

ఇంతకంటే పకడ్బందీగా ఏ వస్తువునైనా భద్రపరచగలమా చెప్పండి!

కంప్యూటర్ కేటలాగు సంగతి ఇంకా రంజుగా ఉంటుంది. మార్క్ 21 అని దేశదేశాల గ్రంథాలయాలు వాడే పద్ధతి ఒకటుంది. అందులో సిద్ధాంత గ్రంథం వివరాలకు 502వ గడి, ఏ వాద్యమో చెప్పడానికి 382, 'కీ' ఏమిటో చెప్పడానికి 384. సీ మేజరా, డీ మైనరా అని ఆప్యాయంగా అడుగుతుంది. రాగం కోసమని విడిగా గడి లేదు. తోడిని ఎక్కడ కూర్చోబెట్టాలో తోచక చాలాచోట్ల 'సబ్జెక్టు: మ్యూజిక్' అని కొట్టి లేస్తారు. సంగీత శాఖ నుంచి వచ్చిన గ్రంథం మరి పశువైద్యం మీద ఉంటుందా? ఇక త్యాగరాజస్వామిని ఇంగ్లిషు అక్షరాల్లో ఒకరు 'టీ' పక్కన 'హెచ్' పెట్టి, ఒకరు పెట్టకుండా, ఒకరు చివర 'ఏ'తో, ఇంకొకరు 'యూ'తో ఎక్కిస్తారు. ఒక స్వామివారు దొరికితే తక్కిన ముగ్గురూ దొరకరు.

అందుకే కదా శోధ్‌గంగ వచ్చింది అంటారు. నిజమే. డాక్టరేట్ గ్రంథాలు డిజిటల్ రూపంలో ఇవ్వాలని యూజీసీ 2009లో నిబంధన పెట్టింది. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నడిపే ఆ భాండాగారంలో ఇప్పుడు 5 లక్షలకు పైగా గ్రంథాలున్నాయి. గొప్ప పని, కాదనను. కానీ దాంట్లోకి ఎక్కేది పీడీఎఫ్. పాట గురించి చదువుతూ చదువుతూ సరిగ్గా గమకం దగ్గరికి వచ్చేసరికి 'ఆడియోకు జతపరచిన సీడీ చూడుడు' అని ఉంటుంది. జతపరచినది ఏ బీరువాలో ఉందో ముందే మనవి చేశాను.

తెలుగులో రాసిన గ్రంథాలకు మరో యోగం కూడా ఉంది. వాటిలో చాలావాటిని డీటీపీ సెంటర్లో యూనికోడ్ కాని పాత ఫాంట్లలో కొట్టించారు. తెర మీద 'శంకరాభరణం' చక్కగా కనిపిస్తుంది. వెతకమంటే అలాంటి మాటే లేదంటుంది. కాపీ చేసి అతికిస్తే డాలర్లూ, కామాలూ, అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలూ రాలతాయి. కాపీ కొట్టారేమో పట్టుకునే సాఫ్ట్‌వేర్‌కు కూడా అంతే కనిపిస్తుంది కాబట్టి, మన పరిశోధకులంతా స్వతంత్ర భావుకులుగా తేలిపోతారు.

ఖర్చు మాటకొస్తే, ధ్వని భాండాగారాలవారు మెచ్చే 96 కిలోహెర్ట్జ్, 24 బిట్ నాణ్యతలో గంట పాటకు సుమారు 2 జీబీ పడుతుంది. పది గంటలకు 20. మూడు కాపీలు మూడు చోట్ల ఉంచి ఏడాదికోసారి తెరిచి వినడానికి వైవా రోజు కప్పిన శాలువాలంత కూడా కాదు. శాలువాకైతే బడ్జెట్ హెడ్ ఉంది.

తాళ్లపాకవారు ఈ విషయంలో మనకంటే మెరుగు. అన్నమయ్య పాటల్ని రాగిరేకులకెక్కించి, ఒక్కో పాటకు రాగం పేరు చెక్కించి, తిరుమల ఆలయంలో సంకీర్తన భాండారంలో దాచారు. అదీ కేటలాగు! దాదాపు 400 ఏళ్ల తర్వాత కూడా దొరికిన రేకుల మీద సాహిత్యం నిలిచే ఉంది. అయితే వరస దక్కలేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి వంటి పెద్దలు మళ్లీ స్వరపరచవలసి వచ్చింది. వరసను దాచే యంత్రం ఆనాడు లేదు మరి. ఆ యంత్రం మనకుంది. అయినా సాహిత్యాన్ని గాంధీనగర్‌కు పంపి, వరసను బీరువాలో పెట్టి, సంప్రదాయాన్ని కాపాడుతున్నాం.

దీనివల్ల ఉపాధికి లోటుండదు. రేపు ఎవరో ఒకరు 'సంగీత సిద్ధాంత గ్రంథాల సీడీలలోని అలభ్య గేయాలకు స్వరకల్పన' అని పీహెచ్‌డీకి రిజిస్టర్ చేయించుకుంటారు. పాడిన భాగవతులు ఎలాగూ ఉండరు కనుక అడ్డుచెప్పేవారూ ఉండరు. గైడుగారు ఒక్క షరతు పెడతారు: ఆడియో తప్పనిసరిగా జతపరచాలి, ఈసారి పెన్‌డ్రైవ్‌లో.