ఎర్ర పొటాష్ మూటకు టీకా తాత్పర్యం

మూలం:

మ్యూరియేట్ ఆఫ్ పొటాష్
కే2ఓ 60 శాతం
నికర తూకం 50 కిలోలు
కొక్కేలు వాడరాదు

అవతారిక: గాండ్లపెంట మొదలుకొని కదిరి దాకా ఎరువుల అంగళ్లలో గోతాం మీద అచ్చయి కనబడే చాటువు ఇది. కర్త ఎవరో తెలియదు. యతి లేదు, ప్రాస లేదు. గాండ్లవారంటే గానుగాడించేవారు. పెంటంటే పల్లెని కొందరు, ఎరువని కొందరు. రెండో అర్థమే పట్టుకుంటే, పేరులోనే ఎరువున్న ఊరికి ఎరువు మూటెందుకని శంక పుడుతుంది. ఎందుకంటే ఈ ఎర్రనేలలో గానుగకు గింజనిచ్చేది శెనక్కాయ. ఆ శెనక్కాయకు పొటాష్ కావాలి. మన దేశమేమో పొటాష్‌ను కెనడా, రష్యా, బెలారస్, జోర్డాన్ వంటి చోట్ల నుంచి ఓడల మీద తెప్పించుకుంటుంది.

ప్రతిపదార్థం: మ్యూరియేట్ = ఉప్పునీటి ఆమ్లానికి పుట్టినది; ఆఫ్ = యొక్క (షష్ఠీ విభక్తే; ఇంగ్లీషువారిది గనుక నామానికి ముందే నిలబడింది); పొటాష్ = కుండబూడిద; కే2ఓ = మూటలో లేనిది; 60 శాతం = ఆ లేనిది ఎంత ఉందో చెప్పే లెక్క; తక్కినది సులభం.

టీక: మ్యూరియా అంటే లాటిన్‌లో ఉప్పునీరు. ఉప్పు నుంచి తీసిన ఆమ్లాన్ని పాతకాలపు రసాయనజ్ఞులు మ్యూరియాటిక్ ఆసిడ్ అన్నారు. బడిపుస్తకాల్లో అది ఏనాడో హైడ్రోక్లోరిక్ ఆమ్లమైపోయింది, దాని లవణం క్లోరైడ్ అయింది. పాత పేరు పుస్తకం వదిలి గోతాం పట్టుకుంది. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో సైతం పొటాషియం క్లోరైడ్ అన్న కొత్త పేరు పక్కనే ఈ ముసలి పేరూ కూర్చుని ఉంది.

1787లో రసాయనజ్ఞుడు లవోయిజే, ఆయన మిత్రులు పారిస్‌లో పదార్థాలకు కొత్త నామకరణం చేశారు. ఆమ్లమన్నదల్లా ఒక వాయువు వల్లే పుడుతుందని లవోయిజే నమ్మకం. అందుకే దానికి ఆక్సిజన్ అని, అంటే ఆమ్లాన్ని పుట్టించేదని పేరు. మనవాళ్లు దాన్ని శ్రద్ధగా ఆమ్లజని అని తెనిగించి, ఆ పొరపాటును కూడా సంస్కృత సమాసంలో భద్రం చేశారు. ఆ లెక్కన మ్యూరియాటిక్ ఆమ్లంలోనూ ఆక్సిజన్ ఉండి తీరాలి. ఎంత వెదికినా దొరకలేదు. 1810లో హంఫ్రీ డేవీ, అందులో ఆక్సిజన్ లేదు, ఉన్నది క్లోరిన్ అనే మూలకం అని తేల్చాడు.

ఇక పొటాష్. కట్టెలు కాల్చిన బూడిదను నీళ్లలో నానబెట్టి, ఆ తేటను కుండలో ఇగరబెడితే అడుగున మిగిలేది. ఈ డేవీగారే 1807లో పొటాష్‌కు కరెంటు పెట్టి పొటాషియం అనే లోహాన్ని విడదీశాడు. బూడిద ముందు, లోహం తర్వాత: కొడుకు పేరును బట్టి తండ్రిని పిలవడం మన పల్లెల్లో ఉన్నదే, ఇక్కడ అది తిరగబడింది.

కే2ఓ, అంటే పొటాషియం ఆక్సైడ్, విషయం మరీ చిత్రం. పూర్వం మొక్కను కాల్చి, బూడిదలో ఏముందో ఆక్సైడ్ల లెక్కన రాసేవారు. కాల్చడం మానేసినా లెక్క మానలేదు. మూటలో 60 శాతం కే2ఓ అంటే 30 కిలోలు కావాలి కదా. తీసి చూస్తే 25 కిలోల పొటాషియం, దాదాపు 23 కిలోల క్లోరిన్ ఉంటాయి. ఆ 30లో పొటాషియం పోను తక్కిన 5 కిలోల ఆక్సిజన్ కాగితం మీదిది. అంటే మ్యూరియేట్ దగ్గర ఒకసారి, కే2ఓ దగ్గర ఒకసారి ఆక్సిజన్‌కు పీట వేశారు. రెండు పీటలూ ఖాళీ.

పూర్వపక్షం: "ఇంత కథ ఎవురికి గావాలప్పా? అన్నా, ఎర్ర పొటాషు ఒగ మూటెయ్యి" అని రైతు.

సమాధానం: ఈయన మాట తోసిపుచ్చడం వ్యాఖ్యాత తరం కాదు. ఉప్పుకు ఆ ఎరుపునిచ్చేది గనిలో దాంతో కలిసిన రవ్వంత ఇనుప తుప్పు, అంటే ఐరన్ ఆక్సైడ్. మూటలో నిజంగా ఆక్సిజన్ ఉన్నది ఆ తుప్పులో. పండితులు రెండుచోట్ల ఉందని చెప్పి రెండుచోట్లా తప్పారు. రైతు కంటికి కనబడ్డ రంగును పేరులో పెట్టి, తెలియకుండానే అసలు చోటు మీద వేలు పెట్టాడు.

కొక్కేలు వాడరాదు: ఇది మూటలెత్తే హమాలీలకు చేసిన ఉపదేశం. గాండ్లపెంటలో మూట భుజాల మీదే దిగుతుంది గనుక ఇక్కడ నిషేధించడానికి కొక్కెమే లేదు. లేనిదాన్ని చెప్పడమే ఈ కవి శైలి అని ముందే చూశాం.

తాత్పర్యం: వానాధారపు శెనక్కాయకు ఎకరానికి 33 కిలోలు. ఒక మూట ఎకరన్నరకు వస్తుంది.