కడ్తా లేని లెక్క

గుర్రప్పందెం జూదం కాదట, లెక్కట. బాన్సువాడ బస్టాండు దగ్గర చాయ్ తాగేవాళ్లలో ఎవరో ఒకరు ఈ మాట అనకుండా వారం గడవదు. హైదరాబాద్ మలక్‌పేట రేసుకోర్సు ఇక్కడికి సుమారు 150 కిలోమీటర్లు. మా ఊళ్లో గుర్రం కనబడాలంటే ఎవరిదో బరాత్ కదలాలి. అయినా తనాలా లెక్క అడిగి చూడండి, గ్లాసు కింద పెట్టకుండా చెప్తారు.

తనాలా అంటే మొదటి మూడు స్థానాల్లో వచ్చే గుర్రాలను వరస తప్పకుండా చెప్పడం. వరస మీద ధీమా లేనివాడు బాక్సు కడతాడు. ఐదు గుర్రాల బాక్సంటే 5×4×3, మొత్తం 60 టికెట్లు. టికెట్టు పది రూపాయలనుకుంటే 600. ‘ఆరోదాన్ని కూడా వేసుకుందాం, పోయేదేముంది’ అంటే అరవై కాస్తా 120. క్వినెల్లాలో మొదటి రెండు గుర్రాలు చాలు, వరస అక్కర్లేదు కాబట్టి ఐదింటికి పది టికెట్లతో సరి. జాక్‌పాట్‌లో ఐదు రేసుల విజేతలను చెప్పాలి. ఒక్కో రేసుకు ఎన్ని గుర్రాలు పెట్టుకుంటే అన్నీ గుణించుకుంటూ పోవాలి: 2×3×1×4×3 అంటే 72. మధ్యలో ఉన్న ఆ ఒకటిని ‘బ్యాంకర్’ అంటారు. అది నాలుగో స్థానంలో వచ్చిందంటే 72 టికెట్లలో ఐదూ సరిగ్గా చెప్పింది ఒక్కటీ మిగలదు.

ప్రస్తారాలు, సంయోగాల పాఠం దగ్గర ఇంటర్ వదిలేసినవాళ్లు కూడా ఇవన్నీ నోటిలెక్కగా చెప్తుంటే ముచ్చటేస్తుంది. లెక్కలో తప్పు పట్టడానికేమీ లేదు. కాకపోతే అది పోసే డబ్బు లెక్క. వచ్చేది ఎంతన్నా అని అడిగితే మాత్రం, ‘డివిడెండ్ పడ్డంక తెలుస్తది తమ్మీ’ అంటారు.

అక్కడే ఉంది కిటుకంతా. 1860లలో పారిస్‌లో జోసెఫ్ ఓలెర్ ఈ పూల్ పద్ధతి కనిపెట్టాడు. పందెంరాయుళ్ల డబ్బంతా ఒకచోట పోస్తారు. నడిపేవాడు ముందుగా తన వాటా తీసుకుంటాడు. మిగిలింది గెలిచిన టికెట్లకు పంచుతారు. 1913లో ఆక్లాండ్‌లో జార్జ్ జూలియస్ ఈ లెక్కకు పెద్ద యంత్రమే కట్టి పెట్టాడు. ఏ గుర్రం గెలిచినా నడిపేవాడికి నష్టం రాదు. ఇంత భద్రత వడ్డీ వ్యాపారంలో కూడా లేదు.

పూల్ లక్ష రూపాయలనుకుందాం, అందులో ఇరవై వేలు ముందే తీశారనుకుందాం. మిగిలిన 80 వేలకు గెలిచిన టికెట్లు 40 ఉంటే తలా రెండు వేలు. అందరూ నమ్మిన గుర్రాలే వచ్చి 400 టికెట్లు గెలిస్తే తలా 200. మనవాడు ఐదు గుర్రాల బాక్సుకు 600 పోసి, మూడు స్థానాలూ సరిగ్గా చెప్పి, 200 చేతిలో పట్టుకుని ‘కొట్టిన’ అని ఫోన్ చేస్తాడు. ఎంత తెలివిగా ఎంచుకున్నా, అదే తెలివి పక్కవాడికీ ఉంటే దానికి ధర పడిపోతుంది. ఈ ముక్క ఏ టిప్ కాగితంలోనూ రాయరు.

ఇది నిజాంసాగర్ ఆయకట్టు. కొనుగోలు కేంద్రంలో వడ్ల బస్తాకు కిలో కడ్తా (తరుగు) ఎక్కువ తీస్తే రోడ్డు మీద బైఠాయించి బస్సులు ఆపేసే జనం మనం. అదే మనిషి రేసు పూల్‌లో నూటికి ఎంత కడ్తా తీస్తున్నారని ఒక్కనాడూ అడగడు. అడిగితే లెక్కల మీద అపనమ్మకం అనుకుంటారేమో!

పన్ను సంగతి చెప్పనే లేదు. 2017లో 28 శాతం జీఎస్టీ వేశారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 40 శాతం. గెలుపు మీద కాదు, పెట్టిన పందెం మొత్తం విలువ మీద. మన 600 బాక్సుకు 240. గుర్రాలింకా గేట్లోకి కూడా రాలేదు.

ఇది జూదమే కదా అనగానే సుప్రీంకోర్టు తీర్పు బయటికొస్తుంది. నిజమే, 1996లో లక్ష్మణన్ కేసులో గుర్రప్పందెం నైపుణ్యంతో కూడిన ఆట అని కోర్టు చెప్పింది. గుర్రానికిచ్చిన శిక్షణ, జాకీ సామర్థ్యం, వాటిని తూచగలిగే వాడి తెలివి అన్నీ లెక్కలోకి తీసుకుంది. ఆరు గుర్రాల బాక్సు కట్టినవాడు వీటిలో ఏది తూచాడో చెప్పాలి. పన్నెండు గుర్రాల రేసులో అన్నిటినీ బాక్సు కడితే 1,320 టికెట్లు, గెలుపు ఖాయం. ఆ నైపుణ్యం గుర్రాన్ని చూడనివాడికీ ఉంటుంది. (ఏళ్ల తరబడి అక్టోబర్ 2న ఒకపక్క మందు దుకాణాలు మూసి, ఇంకోపక్క డెక్కన్ డెర్బీ రేసు నడుపుకున్న నగరం మనది. జూదానికీ నైపుణ్యానికీ తేడా గాంధీగారికి తెలియలేదన్నమాట.)

ఇంకొందరు హాంకాంగ్ కథ చెప్తారు. బిల్ బెంటర్ అనే అమెరికన్ కంప్యూటర్‌తో గుర్రాల లెక్క కట్టి కోట్లు గడించాడు. 2001లో ట్రిపుల్ ట్రయో పందెంలో యాభై వేలకు పైగా కాంబినేషన్ల మీద దాదాపు 16 లక్షల హాంకాంగ్ డాలర్లు పోశాడు. గెలిచాడు కూడా, టికెట్టు మాత్రం మార్చుకోలేదు. ఒప్పుకుంటాను. ఆయన దగ్గర ఏళ్ల తరబడి పోగేసిన రేసుల వివరాలున్నాయి, మనవాడి దగ్గర సిగరెట్ పెట్టె అట్ట ఉంది.

నలుడి కథలో ఋతుపర్ణుడు తాండ్ర చెట్టును ఒక్క చూపు చూసి ఆకులెన్నో కాయలెన్నో చెప్పేస్తాడు. అశ్వవిద్య తెలిసిన నలుడు ఆ మాట ఊరికే నమ్మలేదు. రథం ఆపి, చెట్టు నరికి, లెక్కపెట్టి చూసుకున్నాడు. ఆ తర్వాతే తన గుర్రాల విద్యకు బదులుగా పాచికల విద్య పుచ్చుకున్నాడు. మనవాళ్లకు రెండు విద్యలూ పుట్టుకతోనే వచ్చాయట. మరి పోయిన సీజన్‌లో మొత్తం ఎంత పోశారు, ఎంత వచ్చింది, ఎక్కడైనా రాసిపెట్టారా అంటే చాయ్ ఎవరు చెప్పారో వెతుక్కుంటారు. ఆ చెట్టు నరికినవాడు నాకింతవరకు కనబడలేదు.

సరే, నిజంగానే పెద్ద మొత్తం తగిలిందనుకుందాం. పదివేలు దాటితే అక్కడికక్కడే టీడీఎస్ కోస్తారు. ఆదాయపు పన్ను 30 శాతం, పైన సెస్సు. గెలిచిన ఒక్క టికెట్టు మీద వచ్చిందంతా ఆదాయమే. దాన్ని పట్టుకోవడానికి కొన్న మిగతా 59 టికెట్ల ఖర్చు తగ్గించమంటే చట్టం కుదరదంటుంది. పందెంలో పోయిన డబ్బును జీతంలోంచో వడ్ల రాబడిలోంచో మినహాయించుకునే వీలు కూడా లేదు. రేసు గుర్రాన్ని సొంతంగా పెంచే యజమానికి మాత్రం పెంపకంలో వచ్చిన నష్టాన్ని నాలుగేళ్ల దాకా ముందుకు మోసుకుపోయే అవకాశం ఇచ్చారు.

ఈ చివరి సంగతి చెప్తే ఒకాయన చాలాసేపు ఆలోచించాడు. చట్టం అన్యాయమని తిడతాడేమో అనుకున్నాను. సిగరెట్ పెట్టె అట్ట వెనక్కి తిప్పి, గుర్రానికి నెలకు దాణా ఎంతవుతుందో రాయడం మొదలుపెట్టాడు.