ఆలు లేదు, చూలు లేదు, లోగో తయారు

ఇప్పుడు కొట్టు కట్టాలన్నా మేస్త్రి ఒక్కడూ చాలడు. కట్టడానికి ముందు దానికొక ‘కథ’ ఉండాలట. ఆ కథ రాసిపెట్టేవాళ్లు బెంగళూరు నుంచి కారులో హిందూపురం మీదుగా పరిగి దాకా వస్తారు. దిగేది ఇద్దరు పిల్లలు, ఒక ల్యాప్‌టాప్. ప్లాను వాళ్లే గీస్తారు, సోఫా ఎటు తిరగాలో వాళ్లే చెబుతారు, వీధి బోర్డు మీద అక్షరం ఎంత వంకర పోవాలో కూడా వాళ్లే తేలుస్తారు. ఆర్కిటెక్చర్, ఇంటీరియర్, బ్రాండింగ్ మూడూ ఒకే స్టూడియోలో. కిరాణా, ఎరువులు, పెళ్లి పత్రికలు ఒక్కచోటే అమ్మే కొట్లు మనకూ ఉన్నాయి. కానీ ఆ కొట్టాయన యూరియా బస్తా దించుతూ ‘అనుభూతి’ అనడు.

పరిగిలో టిఫిన్ హోటలు పెట్టబోతున్న ఒకాయన ముందు తెరిచిన ల్యాప్‌టాపును నేనూ తొంగి చూశాను. మొదటి పేజీలో లేపాక్షి నంది. రెండో పేజీలో చెరువు మీద పొద్దు పొడుపు. ఆ తర్వాత రంగులకు నాలుగు పేజీలు, చెంచాకు ఒక పేజీ. వంటిల్లు ఏదని వెతికితే చిట్టచివర, ఒక మూలన, అగ్గిపెట్టెంత. పొగగొట్టం ముందువైపు ఉంటే అందం చెడుతుందని పక్కింటి వైపు తిప్పారు. పక్కింటివాళ్ల అందం ఈ ప్యాకేజీలో లేదు. పడమర దిక్కున నేల నుంచి కప్పు దాకా అద్దం పెట్టారు. అనంతపురం సీమలో, మే నెల, సాయంత్రం నాలుగింటికి ఆ అద్దం పక్కన కూర్చుంటే పెనం ఖర్చు మిగులుతుందని మేస్త్రి లెక్క.

మేస్త్రికి ఇంకో అనుమానం వచ్చింది.

“ఎంగిలి ప్లేట్లు యాడ కడిగేది సార్?”

కుర్రవాడు కాసేపు తెర వంక చూశాడు. “అది ఫేజ్ టూలో వస్తుందన్నా.”

“మొదటి దినం తిన్నోళ్ల ప్లేట్లు ఫేజ్ టూ దాకా అట్లే పేర్చిపెట్టుకోవల్లా?”

ల్యాప్‌టాప్‌లో దానికి జవాబు లేదు. ఉన్నదల్లా మట్టి పూసినట్టు కనిపించే పెయింటు, దీపపు గూళ్లు, నెత్తిన దూలాలు. దూలాలంటే లోపల ఇనుము, పైన కొయ్య రంగు. ఆ జాగాలో మొన్నటిదాకా ఉన్నది నిఖార్సయిన మట్టి మిద్దె. దాని వేప దూలాలూ దంతెలూ ట్రాక్టరుకెత్తి అమ్మేశారు. కౌంటరు వెనక నిలబెట్టడానికి మాత్రం కారైకుడిలో ఎవరిదో కూలిన ఇంటి తలుపు కొనుక్కొస్తారట. మన దూలాలు కారైకుడికి చేరి ఉంటాయని నా అనుమానం. ఏదైతేనేం, పేరు కుదిరింది, లోగో కుదిరింది, సర్వర్లకు టీషర్టులు కూడా వచ్చాయి. దోసె మాస్టరే ఇంకా కుదరలేదు. సోమలింగం మాత్రం రెడీ.

ఇంతకీ ఈ స్టూడియో వాళ్లెవరు? 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవాళ్లే ఆర్కిటెక్టు అని చెప్పుకోవాలి. చట్టం కాపాడేది ఆ బిరుదునే, ఆ పనిని కాదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే ఆ ఒక్క మాట వాడకపోతే చాలు, గీయొచ్చు, కట్టించొచ్చు. స్టూడియో అన్న బోర్డు వెనక ఐదేళ్లు చదివిన ఆర్కిటెక్టు ఉండొచ్చు, ఐదు వారాల సాఫ్ట్‌వేర్ కోర్సు చేసినవాడూ ఉండొచ్చు. బోర్డు మీద అక్షరాలు ఇద్దరికీ ఒకేలా వంకర.

మూడు పనులూ ఒకే చేతిలో ఉండకూడదని కాదు. 1907లో ఏఈజీ అనే జర్మన్ కరెంటు కంపెనీ పీటర్ బెహ్రెన్స్ అనే ఆయన్ను పెట్టుకుంది. కంపెనీ అక్షరాలు ఆయనే గీశాడు, కెటిళ్లూ ఆయనే గీశాడు, బెర్లిన్‌లో టర్బైన్ ఫ్యాక్టరీ కూడా ఆయనదే. గ్రోపియస్, మీస్, లె కోర్బుసియే ఆయన ఆఫీసులో పనిచేసినవాళ్లే. కానీ ఆ అక్షరాల వెనక టర్బైన్ తిరిగింది, ఆ కెటిల్లో నీళ్లు కాగాయి. అంత దూరం ఎందుకు, మన పెనుకొండ దగ్గర ఎర్రమంచినే చూడండి. కియా వాళ్లు 2017లో ఒప్పందం రాసుకున్నారు, 2019 ఆగస్టులో మొదటి కారు బయటికి తెచ్చారు. లోగో మార్చుకున్నది ఆ తర్వాత, 2021లో. ఆ కొత్త లోగోను ‘కేఎన్’ అని చదివినవాళ్లు లోకమంతా ఉన్నారు. కారు నడుస్తోంది కాబట్టి చదవడం రాకపోయినా నష్టం లేకపోయింది.

నిజానికి టిఫిన్ హోటలాయన్ను ఎగతాళి చేయడం సులువు. ఆయన తగలేసుకునేది సొంత డబ్బు. ఇదే జబ్బు సర్కారుకు పట్టినప్పుడు ఏమవుతుందో అమరావతిని అడగాలి. 2015 అక్టోబర్ 22న రాజధానికి ప్రధాని శంకుస్థాపన చేశారు. 2016లో జపాన్ సంస్థ మాకీ అండ్ అసోసియేట్స్ డిజైన్ల పోటీలో గెలిచింది. ఫుమిహికో మాకీ అంటే 1993లోనే ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్న పెద్దాయన. ఆయన బొమ్మ చూసి జనం ఇవి థర్మల్ కేంద్రం పొగగొట్టాల్లా ఉన్నాయన్నారు. ఆయన్ను సాగనంపి లండన్ నుంచి నార్మన్ ఫోస్టర్ సంస్థను పిలిచారు. వాళ్ల బొమ్మా ఆనకపోతే 2017లో బాహుబలి రాజమౌళి సలహా కోరారు. పాపం ఆయన తాను డిజైనర్‌ను కాదని బహిరంగంగానే చెప్పి, అయినా మాట కాదనలేక లండన్ వెళ్లొచ్చారు. మాహిష్మతికి సెట్టింగు చాలు, షూటింగ్ అయ్యాక విప్పేయొచ్చు. రాజధానికి మురుగు కాలువ కూడా కావాలి. ఈ బొమ్మల పంచాయితీ నడుస్తుండగానే, ఆ ఏడాది జూన్‌లో వెలగపూడి తాత్కాలిక భవనంలో ప్రతిపక్ష నేత గదిలోకి వాన నీళ్లు కారాయి. నాసిరకం పని అని ఒక పక్షం, ఎవరో పైపు కోశారని ఇంకో పక్షం. ఆ తర్వాత మూడు రాజధానులన్నారు, మళ్లీ ఒకటే అన్నారు, 2025 మే 2న ప్రధాని మళ్లీ వచ్చి పనులు మళ్లీ ప్రారంభించారు. మేస్త్రికి చెప్పిన ఫేజ్ టూ ఇదే కాబోలు.

అమరావతిలో బొమ్మలైనా మిగిలాయి. మన చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో అదీ లేదు. 2009 ప్రాంతంలో అక్కడ 8,800 ఎకరాలకు పైగా భూమిని ‘లేపాక్షి నాలెడ్జ్ హబ్’ అనే పేరుకు ఇచ్చేశారు. సంస్థకని కాదు, పేరుకనే అంటున్నాను. ఎందుకంటే అక్కడ పేరు తప్ప మరొకటి మొలవలేదు. హబ్ రాలేదు, నాలెడ్జ్ రాలేదు. భూములు బ్యాంకుల్లో తాకట్టుకు వెళ్లాయి, వ్యవహారం సీబీఐ కేసుకెక్కింది.

పేరు ఎంపికలో తెలివికి మాత్రం దండం పెట్టాలి. లేపాక్షి అంటే ఎవరైనా నమ్ముతారు. సర్కారు హస్తకళల షోరూములకు ఆ పేరే, సినిమా బహుమతికి ఆ నందే. గుడి లతామండపంలోని తీగలు చీర అంచుల దాకా పాకాయి. ఇంత వాడుకున్నా ఆ ఒంటిరాతి నంది ఏనాడూ ఎవరికీ బిల్లు పంపలేదు.

బిల్లు గొడవ వచ్చింది గుడి కట్టించినాయనకు. అచ్యుతదేవరాయల కాలంలో పెనుకొండ కొలువులో అధికారి విరూపణ్ణ. అడక్కుండా ఖజానా సొమ్ము గుడికి పెట్టాడని రాజుగారికి ఫిర్యాదు పోయిందట. శిక్ష పడేలోపే ఆయన తన కళ్లు తానే పెరికి గోడకేసి కొట్టాడని చెప్పుకుంటారు. గోడ మీద ఎర్ర మరకలు ఇప్పటికీ చూపిస్తారు. కల్యాణ మండపం సగంలో ఆగింది అందుకేనంటారు. కథే అనుకుందాం. గుడి నిలబెట్టి లెక్క తప్పినవాడికి కళ్లు పోయాయి. గోరంట్లలో గుడే లేకుండా లెక్క రాసినవాళ్ల కంట్లో నలుసైనా పడలేదు.