ఇంట్లో చెప్పొచ్చావా?

రోడ్డు అందరిదీనట. జూన్ 3న ప్రపంచ సైకిల్ దినం వచ్చిందంటే మనవాళ్లకి ఈ సంగతి గుర్తొస్తుంది. తెల్లారకుండానే జెండా ఊపడం, కొత్త టీ షర్టులు, కుడిచెయ్యి ముందుకు చాచి ప్రతిజ్ఞ: సైకిలిస్టులం, వాహనదారులం ఒకరినొకరం గౌరవించుకుంటాం, రోడ్డును పంచుకుంటాం. ఇప్పుడు ఏడాదికోసారితో ఆగడం లేదు. ఢిల్లీ వారు 2024 డిసెంబరులో మొదలెట్టిన సైకిల్ ఆదివారాల పుణ్యమా అని వారం వారం పండగే. నాయకుడు సైకిలెక్కి ఫొటోకి సరిపడా దూరం తొక్కుతాడు. వెనకాల కాన్వాయ్ ఏసీ ఆపకుండా ఫస్ట్ గేర్లో పాకుతూ వస్తుంది. ఆ కాసేపూ ఆయన్ని చూసి హారన్ కొట్టే మగాడు ఊళ్లో ఉండడు.

ప్రతిజ్ఞ బాగుంది. మేకా పులీ ఎదురెదురుగా నిలబడి ‘ఒకరినొకరం తినం’ అని ఒట్టేసుకున్నంత బాగుంది. మేక మాట తప్పదని నాకు పూర్తి నమ్మకం.

మన హైదరాబాదు మరీ వెనకబడిందేమీ కాదు. ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ కప్పు కింద సైకిల్ ట్రాక్ ఉందిగా! 2023 అక్టోబరు 1న తెరిచారు. 23 కిలోమీటర్లు, నాలుగున్నర మీటర్ల వెడల్పు, నెత్తిన 16 మెగావాట్ల పలకలు. ఎండ తగలదు, వాన తడపదు, లారీ గుద్దదు. మీలో సగం మంది అక్కడ సెల్ఫీ దిగే ఉంటారు. ఒక్కటే చిక్కు. అక్కడ సైకిల్ తొక్కాలంటే ముందు కారు కొనాలి.

కూకట్‌పల్లి నుంచో మెహిదీపట్నం నుంచో తొక్కుకుంటూ అక్కడికి చేరే ధైర్యస్థులు కొందరున్నారు, కాదనను. వాళ్లని చూస్తే దండం పెట్టాలనిపిస్తుంది. మిగతావాళ్ల పద్ధతి వేరు. ఆదివారం చీకటితోనే కారు వెనక స్టాండు బిగించి, దానికి సైకిల్ వేలాడదీస్తారు. ఆ సైకిల్ ఖరీదుకి అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌కి ఏడాది జీతం ఇవ్వొచ్చు. పెట్రోలు తగలేసి ట్రాక్ దాకా పోయి, కారు పార్క్ చేసి, సైకిల్ దించి, పర్యావరణాన్ని కాపాడి, మళ్లీ సైకిల్ ఎక్కించి, పెట్రోలు తగలేసి ఇంటికొస్తారు. సైకిల్ మీద కారు పెట్టుకుని రావడం కుదరదు గనక సరిపోయింది గానీ, లేకపోతే అదీ చేసేవాళ్లు.

అసలు వినోదం తిరుగు ప్రయాణంలో ఉంటుంది. అయ్యగారి హెల్మెట్ పక్క సీట్లో ఉంది, చొక్కాకి చెమట ఇంకా ఆరలేదు, టైరులో గాలి ఎంతుండాలో స్నేహితుడికి ఫోన్లో ఉపన్యాసం నడుస్తోంది. ఎదురుగా ఒక ముసలాయన పాత అట్లాస్ సైకిల్ మీద, క్యారియర్‌కి టిఫిన్ డబ్బా కట్టుకుని నెమ్మదిగా పోతున్నాడు. అంతే, అయ్యగారి అరచెయ్యి హారన్ మీద పడుతుంది. ఒకసారి కాదు, ముసలాయన మట్టిలోకి దిగేదాకా. అద్దం దించి ఒక ప్రశ్న కూడా: “ఏమయ్యా, ఇంట్లో చెప్పొచ్చావా?” గంట క్రితం ఈయనా సైకిలిస్టే! అప్పుడు ‘కారువాళ్లకి బొత్తిగా మర్యాద లేదు’ అని వాట్సాప్ గ్రూపులో పెట్టిన మెసేజ్‌కి ఇంకా లైకులు వస్తూనే ఉన్నాయి.

నాకు ట్రాక్ మీద కోపం లేదు. దాన్ని చూపించి ‘సైకిల్ వాళ్లకి అన్నీ చేశాం’ అనేవాళ్ల మీద కోపం. ఆ కప్పుకి అవతల సర్వీసు రోడ్డు మీద పొద్దున ఆరింటికి నిలబడి చూడండి. సైకిల్ మీద కూలికి పోయేవాడు కనిపిస్తాడు. హ్యాండిల్‌కి సంచి, సంచిలో తాపీ, మట్టపు గొట్టం. వెనక మడ్గార్డుకి రిఫ్లెక్టర్ బదులు దారంతో వేలాడదీసిన పాత సీడీ. ఆ సీడీయే అతని జీవిత బీమా. నీడపట్టున ఉన్న ట్రాక్ అతని సైటుకి పోదు, అతని బస్తీకీ పోదు. బయల్దేరిన చోటికే తిరిగొచ్చే వ్యాయామం అది. ఇతనిది వ్యాయామం కాదు, కూలి. నగరం నడిబొడ్డున గీసిన సైకిల్ లేన్ల సంగతంటారా, రంగు ఆరేలోపే కారొకటి, దాని పక్కన పానీపూరీ బండొకటి.

అతన్ని ‘పక్కకి పో’ అంటారు. పక్కన ఏముంది? తారు మీద తారు పోసీ పోసీ రోడ్డు అంచు జానెడు లేచింది. దిగితే ముందు చక్రం మెలిపడి మనిషి బోర్లా పడతాడు. ఇంకాస్త పక్కకంటే మురుగు జాలీ, దాని చువ్వలు సరిగ్గా సైకిల్ టైరు ఇరుక్కునేట్టు నిలువునా ఉంటాయి. దాన్ని దాటితే ఆగిన కారు, వెనక చూడకుండా తెరుచుకునే తలుపు. ‘రాంగ్ రూట్లో వస్తారు కదా సార్’ అని దీర్ఘం తీస్తారు. డివైడర్‌ని కిలోమీటర్ల కొద్దీ మూసేసి, యూటర్న్ ఊరి చివర పెట్టిందెవరు? మీకది పెడల్ మీద కాస్త కాలు నొక్కితే అయ్యే పని. పది గంటలు ఇటుకలు మోసినవాడికి అది పావుగంట తొక్కుడు.

ఈ దేశంలో చట్టానికి అందరికంటే ముందు తలొంచింది సైకిలే. మున్సిపాలిటీ బిళ్ల లేకపోతే, డైనమో వెలక్కపోతే, డబుల్స్ ఎక్కిస్తే పోలీసు ఆపి చక్రాల్లో గాలి తీసేసిన రోజులు పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటాయి. లైటు లేని సైకిల్‌కి కేసు రాసిన రాజ్యమే ఇవాళ, ఎదుటివాడి కళ్లు పోయేలా హైబీమ్ కొట్టే బండిని చూసి చూడనట్టు ఊరుకుంటోంది.

2022లో దేశంలో రోడ్ల మీద చచ్చిపోయినవాళ్లు 1,68,491 మంది. సైకిల్ మీద పోయినవాడి గురించి మనకి తెలిసే కథ ఒక్కటే: “అకస్మాత్తుగా అడ్డొచ్చాడు.” గంటకి పన్నెండు కిలోమీటర్లు పోయేవాడు అకస్మాత్తుగా ఎలా వస్తాడు? వచ్చింది మీరు. అతను అక్కడే ఉన్నాడు, మీరు చూడలేదు. ఫోన్ చూసుకుంటున్నారు. గుద్దినవాడు ఆగకుండా పోతే, బండి నంబరు దొరక్కపోతే, ప్రభుత్వం చచ్చినవాడి ఇంటికి రెండు లక్షలిస్తుంది. 2022 ఏప్రిల్‌లో పెంచితే అయింది అంత. అదీ కాగితాలు పట్టుకుని అతని పెళ్లాం ఆఫీసుల చుట్టూ తిరిగితే. ఇక్కడ ఎవరు ఎవరితో రోడ్డు పంచుకుంటున్నారు?

బ్రిటన్ వాళ్లు 2022లో తమ రోడ్డు నియమావళి మార్చుకున్నారు. ఎక్కువ హాని చేయగల బండి నడిపేవాడిదే ఎక్కువ బాధ్యత అని మొదట్లోనే రాసుకున్నారు. సైకిల్‌ని దాటేటప్పుడు కనీసం మీటరున్నర ఎడం ఉండాలన్నారు. మనం విదేశాల నుంచి హెల్మెట్ తెచ్చుకున్నాం, బిగుతు నిక్కరు తెచ్చుకున్నాం. ఆ మీటరున్నర మాత్రం ఓడలోనే ఉండిపోయినట్టుంది.

కాబట్టి నిర్వాహకులకి నాదొక మనవి. వచ్చే జూన్‌లో సైకిల్ వాళ్ల చేత ప్రతిజ్ఞ చేయించకండి. ఆ పేదవాడు రోడ్డెక్కిన రోజు నుంచీ మిమ్మల్ని గౌరవిస్తూనే ఉన్నాడు, లేకపోతే ఈపాటికి బతికుండేవాడు కాదు. కార్ల వాళ్లనీ లారీల వాళ్లనీ, ఆ కాన్వాయ్ డ్రైవర్లనీ వరసలో నిలబెట్టి చెప్పించండి: హారన్ కొట్టను, వేగం తగ్గిస్తాను, ఎడం ఇచ్చి దాటుతాను, చోటు లేకపోతే వెనకాలే వస్తాను. జెండా ఊపే ఖర్చుతో ఆ మురుగు జాలీలు అడ్డంగా తిప్పించండి. టీ షర్టులు మీరే ఉంచుకోండి.