చుక్క తేడా లేకుండా

దర్శిలో మా పక్కింటి అబ్బాయి సంక్రాంతికి వచ్చాడన్నమాటే గానీ ల్యాప్‌టాప్ ముందు నుంచి లేస్తే ఒట్టు. చుట్టుపక్కల పొలాలను డ్రోనుతో తీసి, హద్దులు గీసిన పటం తన దగ్గరుంది. ఒకటిన్నర జీబీ ఫైలు. అది హైదరాబాదు సర్వరుకు చేరాలి.

అక్కడి ప్రోగ్రామూ ఇక్కడి ప్రోగ్రామూ మాట్లాడుకునేది జీఆర్‌పీసీతో. దాన్ని గూగుల్ 2015లో అందరికీ విడుదల చేసింది. ఎక్కడో ఉన్న ప్రోగ్రామును పక్కనే ఉన్నట్టు పిలవడం ఇందులో సంగతి. ఈ ఆలోచనను ఎలా నడిపించాలో బిరెల్, నెల్సన్ 1984లోనే వివరంగా రాశారు. పిలుపు ఎంత దగ్గరగా అనిపించినా మధ్యలో దూరం దూరమే. పెద్ద ఫైలు పంపితే గానీ అది తెలిసిరాదు.

మామూలుగా 4 ఎంబీ దాటిన సందేశాన్ని జీఆర్‌పీసీ తీసుకోదు. అబ్బాయి ఆ హద్దు పెంచేశాడు. ఫైలంతా ఒకే సందేశంగా వచ్చి పడేసరికి మెమరీ చాలక సర్వరు కూలింది.

అప్పుడు స్ట్రీమింగ్‌కు మారాడు. 64 కేబీల ముక్కలు, మొత్తం 24 వేల పైచిలుకు. అవతల తీసుకోలేకపోతే, కాలువ నిండినప్పుడు తూము దించినట్టు, ఇవతల పంపడం ఆగుతుంది. కరెంటు పోయినా ఆగినచోటు నుంచే మళ్లీ సాగేలా లెక్క కూడా రాశాడు. అది జీఆర్‌పీసీ చేసిపెట్టదు, మనమే రాసుకోవాలి. ఆ ఓపిక చూసి నాకు ముచ్చటేసింది. రాత్రి కరెంటు పోనే పోయింది, వచ్చింది. తెల్లారేసరికి ఫైలు చేరింది. రెండు చోట్లా ఫైలుకు వేలిముద్ర లాంటి ఎస్‌హెచ్‌ఏ-256 సరిచూస్తే అక్షరం పొల్లుపోలేదు.

కంది కోతకు బయల్దేరుతున్న తండ్రిని పిలిచి పటం చూపించాడు.

"చూడు నాన్నా, ఇక్కణ్నుంచి హైదరాబాదు దాకా చుక్క తేడా లేకుండా పోయింది."

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, తెర మీద వేలు పెట్టి చాలాసేపు వెతికాడు.

"ఇది చెరువుకట్ట. ఇదిగో మన వేపచెట్టు. మన గట్టు దీనికి అవతల గదరా ఉండాల్సింది? అరెకరం పక్కోళ్ల చేలో కలిపి గీశారే!"

అబ్బాయి తెర వైపే చూస్తున్నాడు.

"ఇది గూడా తేడా లేకుండా పొయ్యిందా?"