మా రోజుల్లో పట్నం చూడాలంటే

పోయిన నెల మావాడు అమెరికా నుంచి దిగాడు. కొడుకు దగ్గర పదకొండేళ్లు ఉండి వచ్చాడు. దిగిన మూడో రోజే ఫోను. "ఏమిరా, ఒకసారి పట్నం జూసొద్దామా? అప్పట్ల తిరిగినట్టు తిరుగుదాం."

అప్పట్లో అంటే 1974. వరంగల్ నుంచి నేను, నిజామాబాద్ నుంచి వాడు వచ్చి హాస్టల్లో ఏడో నంబరు గదిలో పడ్డాం. ఇద్దరికీ ఒకటే బకెట్, ఒకటే ఇస్త్రీ చొక్కా. ఎవరికి పని పడితే వాడు తొడుక్కునేవాడు. ఇద్దరికీ పని పడిన రోజు ఇద్దరం గదిలోనే ఉండేవాళ్లం.

సరే అన్నాను గానీ, అప్పట్లా తిరగడం ఇప్పుడు కుదరదని ముందే చెప్పాను. వాడు నా మోకాళ్ల గురించి అనుకున్నాడు. నేనన్నది పట్నం గురించి.

బయల్దేరడం దగ్గరే గొడవ మొదలైంది. మా రోజుల్లో పట్నం చూడాలంటే సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర 7జెడ్ డబుల్ డెక్కర్ ఎక్కాలి. పై అంతస్తు, ముందు సీటు. ఆ సీటు కోసం రెండు బస్సులు వదులుకున్న రోజులున్నాయి. ట్యాంక్‌బండ్ మీద గాలి ముఖాన కొట్టేది. ఆబిడ్స్‌లో సినిమా బోర్డుల్లో హీరోయిన్లు మన కళ్ల ఎత్తున కనిపించేవాళ్లు. కొమ్మలు అద్దానికి తగిలినప్పుడల్లా అవసరం లేకపోయినా తల వంచేవాళ్లం. అఫ్జల్‌గంజ్ దగ్గర కండక్టరు టికెట్ల డబ్బాతో రాడ్డు మీద టకటక కొట్టి, ఉస్మానియా దవాఖాన వైపు చెయ్యి చూపించి, "మూసీ వరదలో నూటయాభై మందిని కాపాడిన చింతచెట్టు అందులోనే ఉంది" అన్నాడు. 1908 సెప్టెంబరు సంగతి. పుస్తకంలో చదవలేదు నేను, కండక్టరు చెబితే విన్నాను.

ఇప్పుడు మెట్రో. కూకట్‌పల్లిలో ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగాం. చల్లగా ఉంది, కుదుపు లేదు, ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. ఒక అమ్మాయి నన్ను చూసి లేచి సీటిచ్చింది. అదొక అవమానం. కూర్చున్నాననుకోండి. దిగి ఆటో ఎక్కాక, "బాబూ, చింతచెట్టు ఎటు?" అని అడిగాను. ఆ కుర్రాడు ఫోను నోటి దగ్గర పెట్టుకుని "చింతచెట్టు" అన్నాడు. అది ఏదో బిర్యానీ హోటల్ చూపించింది.

మళ్లీ 2023లో డబుల్ డెక్కర్లు వచ్చాయి, కరెంటువి, ఏసీవి. మావాడికి వాటి మీద మోజు. అద్దాలు మూసుకుని పైన కూర్చునే దానికి కింద కూర్చుంటే ఏం పోయింది?

సాలార్‌జంగ్ మ్యూజియం దగ్గర మావాడు జేబులోంచి ఫోను తీసి, రాత్రే కొన్న టికెట్టని నల్లటి గళ్ల బొమ్మ చూపించాడు. 1974 నాటి టికెట్టు ముక్క చాలా ఏళ్లు నా డిక్షనరీలో ఉండేది, ఎం అక్షరం దగ్గర. ఈ గళ్ల బొమ్మను ఏ డిక్షనరీలో దాచుకోవాలి?

ఈ భవనంలోకి మ్యూజియం మారింది 1968లో. మేం వెళ్లేనాటికి ఆరేళ్లయినా గోడలకు ఇంకా కొత్త వాసన పోలేదు. ముసుగు రెబెకా విగ్రహం ముందు నిలబడి ఆ ముసుగు బట్టా, రాయా అని అరగంట కొట్లాడుకున్నాం. బట్ట అని వాడు, రాయి అని నేను. చివరికి కాపలా ఉన్న పెద్దాయన విసుక్కుని, "పత్థర్ హై బాబూ, ఇక ముందుకు నడవండి" అన్నాడు. ఇప్పుడు అరగంట ఎవరు నిలబడనిస్తారు? వెనకనుంచి సెల్ఫీ కర్ర వచ్చి చెవికి తగులుతుంది.

అసలు మేం వెళ్లింది గడియారం కోసం. దాని ముందు జనం కూర్చుని ఎదురుచూడటం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. గంటకు మూడు నిమిషాల ముందు పైన చిన్న తలుపు తెరుచుకుని గడ్డం బొమ్మ ఒకటి బయటికొస్తుంది. ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి, ఏ హడావుడీ లేకుండా లోపలికి పోతుంది. పక్కన సమ్మెట పట్టుకున్న కమ్మరి బొమ్మ సెకన్లు కొడుతూనే ఉంటుంది. దానికి సెలవు లేదు. అప్పట్లో పన్నెండింటి ఆటకు పదకొండున్నరకే వెళ్లి కూర్చున్నాం. చిన్న తలుపు కదలగానే గదంతా ఊపిరి బిగబట్టింది. చిన్నపిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టారు. మేమూ లెక్కపెట్టాం.

మొన్న తలుపు కదలగానే వంద చేతులు లేచాయి, వంద ఫోన్లతో. బొమ్మ నాకు నేరుగా కనపడలేదు. ముందున్నాయన ఫోనులో వేలెడంత కనపడింది. పక్కకు చూద్దును కదా, మావాడూ ఫోను ఎత్తి పట్టుకున్నాడు.

"ఎన్ని కొట్టిందిరా?" అన్నాను అయిపోయాక.

"రికార్డయింది. ఇంటికి పోయినంక జూసి చెప్తా."

నాకు ఒళ్లు మండింది. మెట్ల దగ్గర ఆపి గోల్కొండ గుర్తు చేశాను. ఔరంగజేబును ఎనిమిది నెలలు బయట నిలబెట్టిన కోట. బాలా హిసార్ దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండ కొసన ఉన్నవాడికి వినపడుతుంది. పరీక్షిద్దామని వాణ్ని పైకి పంపాను. ఎన్ని కొడతానో చెప్పలేదు. ఏడు కొట్టాను. గంట తర్వాత చెమటలు కక్కుతూ దిగి, "ఏడు" అన్నాడు. అదీ చెవులంటే! ఈ సంగతి మా పిల్లలకు చెప్పాను, మనవలకు చెప్పాను, నా రిటైర్మెంటు సభలో మైకులో కూడా చెప్పాను. "అట్లాంటి చెవులున్నోడివి, గడియారం కొడితే ఫోనును అడుగుతావా?" అన్నాను. వాడు నవ్వి ఊరుకున్నాడు.

మక్కా మసీదులో కొలను దగ్గర నల్లరాతి బల్ల మీద కాసేపు కూర్చున్నాం. దాని మీద కూర్చున్నవాడు ఎక్కడికి పోయినా మళ్లీ ఇక్కడికి వస్తాడని చెప్పుకుంటారు. 1974లో ఇద్దరం కూర్చున్నాం. అందుకే అమెరికా నుంచి వచ్చానంటాడు మావాడు. ఎటూ పోని నాకు ఆ బల్ల ఏం చేసినట్టు?

చార్మినార్ గురించి నిష్ఠూరంగా రాద్దామనే వెళ్లాను, కానీ ఒక్క మాట ఒప్పుకోవాలి. అప్పట్లో బస్సులు, రిక్షాలు, ఎడ్లబండ్లు దాని చుట్టూ తిరుగుతుంటే, కమాన్ల కింద నిలబడి తలెత్తి చూడాలంటే ప్రాణం మీద ఆశ వదులుకోవాలి. ఇప్పుడు చుట్టూ బండ్లు రానివ్వడం లేదు. 1591 నాటి సున్నపు పువ్వుల్ని మెడ నొప్పి పుట్టేదాకా చూశాను. ఇక మెట్లు. ఒక్కో మీనారులో నూట నలభై తొమ్మిది అంటారు. ఇప్పుడు మొదటి అంతస్తు దాకానే ఎక్కనిస్తారు. ఆ నిబంధన ఎవరు పెట్టారో గానీ వాళ్లకు నా మోకాళ్ల తరఫున దండం. సందులాంటి మెట్లమీద వెనక వచ్చే కుర్రాళ్లు "అంకుల్, మెల్లగా" అంటుంటే, మెల్లగా కాక ఇంకెలా ఎక్కుతాననుకున్నారో!

దిగి ఇరానీ హోటల్లో దూరాం. "రెండు పౌనా" అన్నాను. సర్వర్ కుర్రాడు నన్ను వెర్రివాణ్ని చూసినట్టు చూశాడు. మా రోజుల్లో పౌనా అంటే పాలు ఎక్కువ, నీళ్లు తక్కువ, గట్టి చాయ్. ముప్పై పైసలు. మా దగ్గర ముప్పై పైసలే ఉంటే కప్పు వాడికి, సాసరు నాకు. చలవరాతి బల్ల మీద సాసరుకు అంటిన చాయ్ చుక్క గుండ్రంగా మరక వేసేది, దాన్ని వేలితో తుడిచి ఇంకో సిగరెట్టు దాకా కూర్చునేవాళ్లం, లేవమన్నవాడు లేడు. ఇప్పుడు చాయ్ ఇరవై రూపాయలు, నిలబడి తాగాలి. ఉస్మానియా బిస్కెట్ మాత్రం చాయ్‌లో ముంచితే అప్పట్లాగే సరిగ్గా నోటి దాకా తెచ్చాక విరిగి పడింది. అదొక్కటే మారనిది.

సగం చాయ్ అయ్యాక మావాడు గొంతు సవరించుకున్నాడు.

"అరేయ్, జెప్తె కోపం తెచ్చుకోవుగదా?"

"ముందు చెప్పు."

"ఆ రోజు నేను కొండ ఎక్కలే. మూడొందల అరవై మెట్లంటరు గదా, ఎండ దంచుతుండె. రామదాసు బందీఖానా కాడ సల్లగుంటే గాడనే కూసున్న. కునుకు తీసిన గూడ."

"మరి ఏడు?"

"మన రూం నంబరు ఏడు. నీ సైకిల్ తాళం నంబరు ఏడు. పరీక్షల నువ్వు కూసునేది ఏడో బెంచి. నువ్వు ఇంకెన్ని కొడ్తవురా?"

యాభై ఏళ్లు. పిల్లలు, మనవలు, మైకు. చాయ్ కప్పు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. వాడు నా కప్పులో పడిన బిస్కెట్ ముక్కను చెంచాతో తీసి పెట్టాడు.

"గట్ల జూడకు. వచ్చే బుధవారం గోల్కొండ పోదాం. ఈసారి నువ్వు పైకెక్కు, నేను కింద కొడ్త."

"నా మోకాళ్లు?"

"రామదాసు కాడ కూసో. ఎన్ని కొట్టిన్నో నేనే ఫోన్ జేసి జెప్తా."